పార్కులో పెట్టిన డబ్ల్యూడీఎం-2: పైన రంగుంది, లోపల ఇంజనేదీ?

షార్ట్‌హుడ్_శీను
మా డివిజన్‌లో ఒక స్టేషన్ ముందు పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజన్‌ని దిమ్మె మీద పెట్టారని తెలిసి పనిగట్టుకుని వెళ్ళొచ్చా. దూరం నుంచి బానే ఉంది. దగ్గరికెళ్ళి లాంగ్ హుడ్ (ఇంజన్ ఉండే పొడుగు వైపు) తలుపు సందులోంచి ఫోన్ లైటు వేసి చూస్తే లోపల ఖాళీ. ఇంజన్ బ్లాక్ లేదు, మెయిన్ జనరేటర్ లేదు, ఎక్స్‌ప్రెసర్ (బ్రేకుల కోసం గాలి పంపు) లేదు. క్యాబ్‌లో రెండు కంట్రోల్ స్టాండ్లకీ హ్యాండిళ్ళు పీకేశారు. పైన మాత్రం ముదురు నీలం రంగు, దానిమీద తామరపూలు. నంబరు ఒక వైపే రాశారు, అది కూడా స్టిక్కరు. ఎప్పుడు పుట్టింది, ఏ షెడ్డులో ఉంది, ఏం లాగింది, బోర్డు మీద ఒక్క ముక్క లేదు.
దీన్ని పరిరక్షణ అనొచ్చా? లేక నేనే అతిగా ఆశపడుతున్నానా? డీజిల్ ఇంజన్‌ని నిజంగా కాపాడాలంటే ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

లైన్‌బాక్స్
తామరపూలా 😂 ఇరవై ఏళ్ళు వాటి మీద డ్యూటీ చేశాను. నా ఖాకీ చొక్కాలన్నీ లూబ్ ఆయిల్ వాసనే. పువ్వుల వాసన ఎప్పుడూ తగల్లేదు.

స్క్రాప్_సుబ్బారావు
శీనూ, కనీసం డొక్కయినా మిగిలిందని సంతోషించు. వేలల్లో తయారైన క్లాసు అది. కండెమ్ (ఇక పనికిరాదని రాసేయడం) అయినవన్నీ వేలంలో పోయి గ్యాస్ కట్టర్ కింద ముక్కలయ్యాయి. నీకు దొరికింది కనీసం లోకో ఆకారంలో ఉంది. ఇంజన్ లోపల ఉంటే మాత్రం చూసేదెవరు? జనం ముందు నిలబడి ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు.

షార్ట్‌హుడ్_శీను
@స్క్రాప్_సుబ్బారావు ఆకారమే చాలంటే ఫైబర్‌తో బొమ్మ చేసి పెట్టొచ్చుగా. 112.8 టన్నుల బండిని క్రేన్లతో ఎత్తి మరీ తేవడం దేనికి?

పాత_ఫిట్టర్
బాబూ శీనూ, బ్లాక్ ఎందుకు లేదో చెప్తాను, కోప్పడకు. లోకో కండెమ్ అయిందంటే షెడ్డు ముందు చూసేది దాన్లో ఇంకా పనికొచ్చేవి ఏమున్నాయా అని. క్రాంక్‌షాఫ్టు, టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టేది), ట్రాక్షన్ మోటార్లు (చక్రాల్ని తిప్పేవి), జనరేటర్, సిలిండర్ హెడ్లు, ఇవన్నీ ఊడదీసి ఇంకా తిరుగుతున్న బండ్లకి వేస్తారు. చెడ్డపనేం కాదు. నేను సర్వీసులో ఉన్నప్పుడు అలా వచ్చిన హెడ్లు, లైనర్లు ఎన్నో బిగించాను. రేపు పొద్దున బండి టైముకి వెళ్ళాలి, స్టోర్సులో కొత్త సామాను లేదు, ఏం చేస్తాం? అందుకని దిమ్మె మీదకి వచ్చేసరికి మిగిలేది డొక్కే.
తప్పు ఎక్కడంటే, ఏ బండిని దాచాలో ముందే అనుకోకపోవడం. కండెమ్ కాగితం మీద సంతకం పడకముందే "ఇది ఉంచుతున్నాం, దీన్లోంచి ఏమీ తియ్యొద్దు" అని రాసి పెట్టాలి. సంతకం పడ్డాక అడిగితే ఎవరూ ఆపలేరు.

లైన్‌బాక్స్
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. మంచి కండిషన్‌లో ఉన్న బండినే ముందు విప్పేస్తారు, దాన్లోనే పనికొచ్చే సామాను ఎక్కువ కాబట్టి. పాడైపోయిందేమో దిమ్మె ఎక్కుతుంది.

డబుల్‌హెడ్_బుజ్జి
చిన్న డౌటు, నవ్వకండి. బ్యాటరీ చచ్చిపోయిన లోకోని ఇంకో లోకోతో తోసి స్టార్ట్ చెయ్యొచ్చా, స్కూటర్ తోసినట్టు?

పాత_ఫిట్టర్
చెయ్యలేం. చక్రానికీ ఇంజన్‌కీ మధ్య ఇనుప సంబంధమే లేదు. ఇంజన్ జనరేటర్‌ని తిప్పుతుంది, జనరేటర్ కరెంటు ఆరు ట్రాక్షన్ మోటార్లకి పోతుంది, అవి ఇరుసుల్ని తిప్పుతాయి. విజయవాడ నుంచి వైజాగ్ దాకా లాక్కెళ్ళినా ఇంజన్ పలకదు. బ్యాటరీలు 8 వోల్టులవి ఎనిమిది, మొత్తం 64 వోల్టులు. ఆ కరెంటుతో అదే జనరేటర్ మోటారులా తిరిగి ఇంజన్‌ని క్రాంక్ చేస్తుంది. బ్యాటరీ లేకపోతే నీ డీజిల్ ఇనుప దిమ్మె.

హెచ్‌ఓ_గేజ్_మేడం
నేను 1:87 స్కేల్లో డబ్ల్యూడీఎం-2 మోడల్ చేస్తున్నా, బఫర్ నుంచి బఫర్‌కి దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది. కొలతల కోసం దిమ్మె మీదున్న బండ్ల చుట్టూ టేపు పట్టుకుని తిరుగుతుంటా, కాబట్టి ఖాళీ డొక్కు కూడా నాకు బంగారమే. ముఖ్యంగా బోగీలు (పెట్టెలు కాదు, ఇరుసులూ చక్రాలూ ఉండే కింది చట్రాలు). అమెరికా కంపెనీ ఆల్కో (ఈ బండి వాళ్ళ డిజైనే) ట్రైమౌంట్ బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరం సమానంగా ఉండదు. ఇది నెట్‌లో ఫోటో చూస్తే తెలీదు, పక్కన నిలబడి కొలవాలి.
రంగు విషయంలో మాత్రం శీను గారితోనే ఉన్నా. షెడ్డుకో రంగు ఉండేది. దూరం నుంచి రంగు చూసే ఏ షెడ్డు బండో చెప్పేసేవాళ్ళం. ఆ గుర్తు చెరిపేసి పూలు వేస్తే ఎలా?

డబుల్‌హెడ్_బుజ్జి
మేడం, ఏ రంగు వేస్తే కరెక్టు? వారణాసి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు వేసిందా, చివరి షెడ్డు వేసిందా?

హెచ్‌ఓ_గేజ్_మేడం
చివరి రంగు. ఎందుకంటే లోపలి సామాను కూడా చివరి నాటిదే. వ్యాక్యూమ్ బ్రేకులతో పుట్టిన బండికి తర్వాత ఎయిర్ బ్రేకు కూడా పెట్టారు. అలాంటి దానికి పుట్టినప్పటి రంగు వేసి "1970ల బండి" అంటే అబద్ధం.

షార్ట్‌హుడ్_శీను
నేను ఒప్పుకోను. కనీసం ఒక్కటైనా పుట్టినప్పటి రూపంలో ఉండాలి. ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో 18040 ఉంది కదా, అమెరికా నుంచి తెప్పించిన తొలి బ్యాచ్‌ది. మన వైపు అలాంటిది ఒకటి ఉంటే ఏం పోయింది?

స్క్రాప్_సుబ్బారావు
అసలు "పుట్టినప్పటి బండి" అనేదే లేదు నాయనా. పీవోహెచ్‌కి (కొన్నేళ్ళకోసారి చేసే పూర్తి ఓవర్‌హాలింగ్‌కి) వెళ్ళిన ప్రతిసారీ బోగీలు మారతాయి, టర్బో మారుతుంది, ఒక్కోసారి బ్లాకే మారిపోతుంది. ముప్పై ఏళ్ళయ్యాక పాతది మిగిలేది నంబరు ఒక్కటే. మీరు కాపాడేది నంబరుని.

పాత_ఫిట్టర్
@స్క్రాప్_సుబ్బారావు అండర్‌ఫ్రేమ్ మారదయ్యా. నంబరు దానిది.

అనంతగిరి_ఘాట్
ఈ బండ్లు ఏం చేశాయో మర్చిపోయి రంగుల దగ్గర ఆగిపోయారు. కేకే లైన్ సంగతి చెప్తాను. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, బైలదిల్లా ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి దింపడానికి 1960లలో వేసిన లైను. 58 సొరంగాలు. మొదట్లో అంతా డీజిలే, కరెంటు తర్వాత వచ్చింది. మా నాన్న వాల్తేరు డివిజన్‌లో ట్రాక్ గ్యాంగ్‌లో చేశారు. మేం లైను పక్క క్వార్టర్లలోనే పెరిగాం.
చాలామంది ఘాట్ అంటే పైకి లాగడమే కష్టం అనుకుంటారు. అక్కడ తిరగేసి ఉండేది. ఖాళీ వ్యాగన్లు పైకెళ్తాయి, ఖనిజంతో నిండినవి కిందికి దిగుతాయి. అసలు పరీక్ష దిగేటప్పుడే. మూడు ఇంజన్లు జట్టుగా కట్టి, డైనమిక్ బ్రేకు మీద నిదానంగా దింపేవాళ్ళు. సొరంగంలోంచి బయటికొచ్చేటప్పుడు గ్రిడ్ ఫ్యాన్ అరుపు ముందు వినిపించేది, బండి తర్వాత కనిపించేది. ఖాళీలతో పైకెక్కే బండి వెళ్ళాక సొరంగంలో పొగ ఎంతసేపు ఉండేదో గ్యాంగ్‌మెన్‌ని అడగండి. వాళ్ళెవరూ ఆల్కో అంటే ఇక్కడ మీరు చూపించేంత ప్రేమ చూపించరు.

లైన్‌బాక్స్
డైనమిక్ బ్రేకు తెలియనివాళ్ళ కోసం: దిగేటప్పుడు అవే ట్రాక్షన్ మోటార్లు జనరేటర్లయిపోతాయి. బండి ఊపు కరెంటుగా మారి, గ్రిడ్లలో వేడిగా పోతుంది. బ్రేకు బ్లాకులు అరగవు, చక్రాలు కాలవు. మరీ నిదానించాక దాని పట్టు తగ్గిపోతుంది, అప్పుడు ఎయిర్ మీదకి రావాలి. కొత్తగా వచ్చిన అసిస్టెంట్లకి ఇది చేత్తో నేర్పాల్సిందే, పుస్తకం చదివితే రాదు.
పొగ సంగతి: హ్యాండిల్ ఒక్కసారిగా పైనాచ్‌కి (నాచ్ అంటే హ్యాండిల్ మెట్టు) తోస్తే గవర్నర్ (ఇంజన్ వేగం చూసే పరికరం) వెంటనే డీజిల్ ఇస్తుంది, టర్బో మాత్రం తీరిగ్గా ఊపందుకుంటుంది. ఆ మధ్యలో గాలి చాలక నల్లపొగ. ఫోటోలు తీసేవాళ్ళకి పండగ. మాకేమో మెమో.

జీఎం_భక్తుడు
ఇంతమంది ఆల్కో భజన చేస్తుంటే ఊరుకోలేకపోతున్నా. 1962లో దాంతోపాటే వచ్చిన డబ్ల్యూడీఎం-4ని గుర్తుచేసుకునేవాడే లేడు. జనరల్ మోటార్స్ బండి, టూ స్ట్రోక్, డబ్ల్యూడీఎం-2లాగే 2600 హార్స్‌పవరే. 1969లో మొదటి హౌరా రాజధానిని లాగింది ఇదే. 72 మాత్రమే వచ్చాయి. మంచి బండి ఓడిపోయింది, పొగబండి గెలిచింది.

పాత_ఫిట్టర్
బండి గుణం చూసి గెలిపించలేదు నాయనా. మన దగ్గర తయారు చేసుకునే విద్య ఇస్తామని ఆల్కో ఒప్పుకుంది. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ (డీఎల్‌డబ్ల్యూ)లో 1964 జనవరిలో మొదటిది, 18233, బయటికొచ్చింది. మొదట్లో విడిభాగాలు తెచ్చి బిగించేవాళ్ళు, తర్వాత్తర్వాత అన్నీ ఇక్కడే చేసుకున్నారు. ఆల్కో కంపెనీయేమో 1969లోనే మూతపడింది. కన్నవాళ్ళు పోయాక మనం దశాబ్దాలు పెంచాం ఆ బిడ్డని.

జీఎం_భక్తుడు
చివరికి డబ్ల్యూడీజీ-4 పేరుతో మా జీఎం డిజైన్ దగ్గరికే వచ్చారుగా 😎

మోడరేటర్_2
ఆల్కో-జీఎం గొడవకి వేరే థ్రెడ్ ఉంది, నాలుగొందల పోస్టులు దాటింది. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పరిరక్షణ.

షార్ట్‌హుడ్_శీను
మాస్టారూ, అసలు ప్రశ్న మిగిలిపోయింది. అన్ని సామాన్లతో ఒక బండి దొరికిందనుకోండి. ఏడాదికి రెండుసార్లు స్టార్ట్ చేసి యార్డులో అటూ ఇటూ నడిపేలా ఉంచాలంటే ఏం కావాలి?

పాత_ఫిట్టర్
కూర్చుని చదువు, పెద్దది రాస్తున్నా.
నిలబెట్టేసిన బండికి మొదటి శత్రువు నీళ్ళు. కూలింగ్ వాటర్ 1210 లీటర్లు. తుప్పు పట్టకుండా మందు కలపని నీళ్ళు లోపల వదిలేస్తే లైనర్ల చుట్టూ తుప్పు తినేస్తుంది. తియ్యాలి, లేదా మందు కలిపిన నీళ్ళే ఉంచాలి. పైన పొగగొట్టానికి మూత లేకపోతే వాన నేరుగా టర్బోలోకి, అక్కడి నుంచి ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లోకి, వాల్వు తెరిచి ఉన్న సిలిండర్‌లోకి. దిమ్మెల మీదున్న బండ్లలో మూత పెట్టినవి అరుదు.
రెండోది, ఎన్నాళ్ళో ఆగి ఉన్న ఇంజన్‌ని నేరుగా క్రాంక్ చెయ్యకూడదు. ఎప్పుడూ. 16 సిలిండర్ల టెస్ట్ కాక్‌లూ తెరిచి, బార్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ఏ కాక్‌లోంచైనా నీటిచుక్క పడిందా, ఆగిపో. ఆ హెడ్ దింపి చూడాలి. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. పిస్టన్ పైకొచ్చి నీళ్ళకి కొట్టుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంకా ఖర్మ కాలితే బ్లాకు పగిలి రాడ్ బయటికొస్తుంది. ఈ రెండు చుట్లకి బద్ధకించి బ్లాకులు పోగొట్టిన కథలు ప్రతి షెడ్డులోనూ ఉంటాయి.
మూడోది లూబ్ ఆయిల్, 910 లీటర్లు. శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి. నీళ్ళు కలిశాయా, డీజిల్ కలిసిందా, రాగి, సీసం, ఇనుము పాళ్ళు పెరిగాయా అని చూస్తారు. ఏ బేరింగు అరుగుతోందో ఆయిలే చెప్తుంది.
కరెంటు వైపు: మోటార్లు, జనరేటర్ చెమ్మ పీల్చుకుంటాయి. మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడాలి, తక్కువ వస్తే వేడిగాలితో ఆరబెట్టాలి. కార్బన్ బ్రష్షులు లేపి ఉంచితే కమ్యుటేటర్ మీద మచ్చ పడదు. ఎలకలు వైర్లు కొరుకుతాయి, దానికి మందు లేదు. బండిని అప్పుడప్పుడూ కొన్ని అడుగులు జరపాలి, లేకపోతే యాక్సిల్ రోలర్ బేరింగులు ఒకేచోట తుప్పు పడతాయి.
ఇవన్నీ చేస్తే ఇంజన్ లేస్తుంది. దీన్లో ఉండే ఆల్కో 251 ఇంజన్ మొండిది. లేచాక నీళ్ళూ ఆయిలూ వేడెక్కేదాకా ఐడిల్‌లో వదిలెయ్యాలి, 400 ఆర్‌పీఎం. ఫోటోగ్రాఫర్లు "సార్ ఒక్కసారి పొగ" అని అరిచినా నాచ్ ఎక్కించకూడదు.

డబుల్‌హెడ్_బుజ్జి
ఈ పోస్టు ప్రింట్ తీసుకుంటున్నా.

స్క్రాప్_సుబ్బారావు
మాస్టారు రాసింది చదివాక నా మాట ఇంకా గట్టిపడింది. ఇదంతా చేసే మనుషులేరి? రైల్వే అంతా కరెంటు అయిపోతోంది, డీజిల్ షెడ్లలోకి కరెంటు బండ్లు వచ్చేశాయి. బార్ వేసి తిప్పడం తెలిసినవాళ్ళు రిటైరైపోతున్నారు. ఆవిరి ఇంజన్లకి రేవాడీ షెడ్డు ఉంది, 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ని 1997లో మళ్ళీ పట్టాలెక్కించారు. ఆవిరంటే జనానికి మోజు, టికెట్ కొంటారు. డీజిల్ ఎక్కడానికి ఎవడు డబ్బులిస్తాడు?

హెచ్‌ఓ_గేజ్_మేడం
ఆవిరి పోయిన కొత్తలో దాన్నీ ఇలాగే తూకానికి అమ్మేశారు సార్. మోజు తర్వాత పుట్టింది, అప్పటికి మిగిలినవి కొన్నే.

కంట్రోలర్_చలపతి
విడిభాగాల భయం అక్కర్లేదు. 251 కుటుంబం ఇంజన్లు ఓడల్లో, పవర్ ప్లాంట్లలో, బయటి దేశాల రైళ్ళలో చాలా ఉన్నాయి. శ్రీలంక ఎం8 బండ్లు మన వారణాసివే. ఇంకో సంగతి, అమెరికాలో నాసా వాళ్ళు రాకెట్‌ని లాంచ్‌ప్యాడ్‌కి మోసుకెళ్ళే ఆ పెద్ద క్రాలర్ ఉంది చూశారా, దాన్లో రెండు ఆల్కో 16 సిలిండర్ల 251లు పెట్టారు.

లైన్‌బాక్స్
అంటే చంద్రుడి మీదకి వెళ్ళినవాళ్ళని కూడా మొదటి మైళ్ళు మన గూడ్సు ఇంజనే లాగిందన్నమాట. ఇంక్రిమెంట్ ఇవ్వాలి.

జీఎం_భక్తుడు
రాకెట్ టైముకి చేరిందా? అదీ చెప్పండి.

కంట్రోలర్_చలపతి
పరిరక్షణకి ఇంకో దారి ఉందని కొందరంటారు. 2 పాత ఆల్కో డీజిళ్ళని వారణాసిలో కరెంటు జంటగా మార్చారు, 10,000 హార్స్‌పవర్, 2019 ఫిబ్రవరిలో ప్రధాని జెండా ఊపారు. ఫ్రేము బతికింది, బోగీలు బతికాయి.

షార్ట్‌హుడ్_శీను
అది రీసైక్లింగ్. చప్పుడు లేని ఆల్కో నాకొద్దు.

అనంతగిరి_ఘాట్
చప్పుడంటే గుర్తొచ్చింది. నడిచే బండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి కదా, ఎవరైనా సరైన మైకు పెట్టి ఐడిల్ నుంచి ఎనిమిదో నాచ్ దాకా, లోడు బాక్స్ (బండి కదలకుండానే ఇంజన్‌కి లోడు ఇచ్చేది) మీద, ఒక్కో నాచ్ విడివిడిగా రికార్డు చేశారా? ఫోన్ వీడియోలన్నిట్లో హారన్ వస్తే చాలు ఆడియో పగిలిపోతుంది, పక్కన ఎవరో "ఒరేయ్ జరుగు" అని అరుస్తుంటారు.

డబుల్‌హెడ్_బుజ్జి
ఆ "ఒరేయ్ జరుగు" నేనే అన్నా 🙏

పాత_ఫిట్టర్
చప్పుడుతో పాటు ఇంకోటి. ప్రతి లోకోకీ షెడ్డులో హిస్టరీ బుక్ ఉంటుంది. ఏ తేదీన ఏ టర్బో వేశారు, ఏ మోటారు ఫ్లాష్ అయింది, ఎక్కడ ఫెయిలైంది, అంతా రాసి ఉంటుంది. బండి కండెమ్ అయ్యాక ఆ పుస్తకం చెదలకో, తూకానికో పోతుంది. సుబ్బారావు అన్నాడు చూడు, మిగిలేది నంబరు ఒక్కటే అని. ఆ పుస్తకం ఉంటే నంబరు వెనక నలభై ఏళ్ళు కనిపిస్తాయి. బ్లాకు కావాలంటే టన్నులు మొయ్యాలి. పుస్తకం ఒక్క బీరువాలో పడుతుంది.

స్క్రాప్_సుబ్బారావు
దీనికి మాత్రం నేను సై. ఖర్చు లేని పని. స్కానింగ్‌కి మనిషి కావాలంటే నేను వస్తా.

కీమ్యాన్_కూతురు
ఇన్నాళ్ళూ చదవడమే, ఇవాళ రాస్తున్నా. దిమ్మె మీద పెట్టినదాన్ని మరీ తీసిపారెయ్యకండి. మా పిల్లాడు డీజిల్ ఇంజన్‌ని దగ్గరగా చూసింది అలాంటిచోటే. చక్రం వాడి భుజం దాకా వచ్చింది, 1092 మిల్లీమీటర్లని నేనే చెప్పా. "అమ్మా, దీని లోపల ఏముంటుంది" అని అడిగాడు. ఆ తలుపు తీసి చూపించడానికి ఏదో ఒకటి ఉండుంటే బావుండేది, అంతే.

షార్ట్‌హుడ్_శీను
సరే, అందరి మాటా కలిపి డివిజన్ ఆఫీసుకి అర్జీ రాస్తున్నా. అడగబోయేవి: పొగగొట్టానికి మూత, చివరి షెడ్డు రంగు (మేడం గెలిచారు), రెండు వైపులా పెయింటుతో నంబరు, తెలుగులో బోర్డు. లాంగ్ హుడ్‌లో ఒక తలుపు తీసి అద్దం పెట్టి, లోపల ఒక పాత సిలిండర్ హెడ్, లైనర్, పిస్టన్ కోసి చూపించేలా. స్క్రాప్ యార్డులో అవి దొరుకుతాయి కదా మాస్టారూ?

పాత_ఫిట్టర్
దొరుకుతాయి. పగిలిన హెడ్లు కుప్పలుగా ఉంటాయి, అడిగితే ఇస్తారు. అర్జీలో ఇంకో రెండు రాయి. డీజిల్ ట్యాంకు అడుగున డ్రెయిన్ ప్లగ్గు విప్పి పూర్తిగా ఖాళీ చేశారో లేదో చూడమను, 5000 లీటర్ల ట్యాంకు, అడుగున బురద మిగిలి ఉంటుంది, సిగరెట్టు కాల్చేవాళ్ళు అక్కడే కూర్చుంటారు. బ్యాటరీ పెట్టెల్లో యాసిడ్ కారి ఉంటే ఫ్రేము తింటుంది, సోడా నీళ్ళతో కడిగించు. హిస్టరీ బుక్ కోసం వేరే కాగితం పెట్టు, ఇది ఒక సెక్షన్, అది ఇంకో సెక్షన్. కలిపి రాస్తే రెండూ ఆగిపోతాయి.

లైన్‌బాక్స్
కంట్రోల్ స్టాండ్ హ్యాండిల్ ఒకటి మా బ్యాచ్‌మేట్ ఇంట్లో పేపర్ వెయిట్‌గా ఉంది. అడిగి చూస్తా. ఇవ్వనంటే వాళ్ళావిడని అడుగుతా, ఎప్పట్నుంచో బయట పడేయమంటోంది.

షార్ట్‌హుడ్_శీను
అర్జీ డ్రాఫ్టు రేపు ఇక్కడే పెడతా, తప్పులుంటే దిద్దండి. తామరపూల గురించి మర్యాదగా ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి.